కరోనర్ బండి వెళ్లిపోయాక

"హత్యలు జరిగిన ఇళ్లు కడుగుతారటగా?" అని కొత్తగా పరిచయమైనవాళ్లు కాస్త ఉత్సాహంగానే అడుగుతారు. హత్యలు తక్కువండీ, ఒంటరి చావులే ఎక్కువ అంటే వాళ్ల ముఖంలో ఆ ఉత్సాహం సగం తగ్గిపోతుంది. నేను కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో ఉంటాను. మా కంపెనీకి వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒక్కరే ఉంటూ పోయి, ఎవరూ చూడక కొన్నాళ్లు అలాగే ఉండిపోయినవారి ఇళ్ల గురించి. ఆ తర్వాత ఆత్మహత్యలు. హత్యలు చివరి వరుసలో ఉంటాయి.

టీవీలో పోలీసులు పసుపు పట్టీ కడతారు, ఫొటోలు తీస్తారు, వెళ్లిపోతారు. మరుసటి దృశ్యంలో గది అద్దంలా ఉంటుంది. మధ్యలో ఎవరు వచ్చి తుడిచారో దర్శకుడికి పట్టదు. నిజంగా జరిగేది వేరు. పోలీసులు ఆధారాలు సేకరిస్తారు, చావుకు కారణం తేల్చే అధికారిని కరోనర్ అంటారు, ఆ కార్యాలయం వారు శవాన్ని తీసుకెళతారు. శుభ్రం చేయడం ఇద్దరి పనీ కాదు. తాళం యజమాని చేతికో కుటుంబం చేతికో వస్తుంది, ఇక ఆ గది వాళ్లది. చాలామందికి ఈ సంగతి తలుపు దగ్గర నిలబడ్డాకే తెలుస్తుంది.

గుంటూరులో రక్త పరీక్షల ల్యాబులో పనిచేసిన రోజుల్లో రక్తం గొట్టంలో, పేరు చీటీతో, వరుసగా నా బల్ల మీదికి వచ్చేది. ఇక్కడ అది ఎక్కడుందో నేనే వెతుక్కోవాలి. భయం మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే: హెపటైటిస్ బి. ఎండిన రక్తంలో కూడా ఆ వైరస్ కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. అందుకే 1991లో అమెరికా కార్మిక భద్రతా సంస్థ తెచ్చిన నిబంధనల ప్రకారం, రక్తంతో పనిచేసేవారికి యజమాని తన ఖర్చుతోనే ఆ టీకా ఇవ్వజూపాలి, ఏటా శిక్షణ ఇవ్వాలి. పనిలో పెట్టేముందు మా యజమానురాలు ధైర్యముందా అని అడగలేదు, టీకా కాగితాలు అడిగింది.

ఈ పనిలో కడగడం సులువైన భాగం. కనబడే మరక నుంచి కనబడనిది ఎంత దూరం పోయిందో కనిపెట్టడమే అసలు పని. దాన్ని బట్టే ఏది కోయాలో, ఏది ఉంచాలో, ఎంత బిల్లు వేయాలో తేలుతుంది.

ఒక జులైలో మేడ మీద అపార్ట్‌మెంటుకు వెళ్లాం. ఫ్రెస్నోలో జులై అంటే నెల్లూరు మే నెల. మంచం పక్కన కార్పెట్ మీద భోజనం పళ్లెం అంత ముదురు మరక. "ఆ ముక్క కోసేస్తే సరిపోతుంది కదా" అన్నాడు ఇంటి యజమాని. మరకకు దూరంగా కత్తి పెట్టి, చతురస్రంగా కోసి, అంచు పట్టి తిరగేశాం. కార్పెట్ కింద నురుగు పరుపు ఉంటుంది. ద్రవం దాన్ని చేరగానే పక్కలకు పాకుతుంది. పైన పళ్లెం అంత ఉన్నది అక్కడ పెద్ద విస్తరికి మించి ఉంది. నురుగు తీస్తే చెక్క. గోడ అంచున కార్పెట్‌ను పట్టి ఉంచే మేకుల పట్టీ ఒకటి ఉంటుంది. సన్నని చెక్క, దాని మీద పైకి మొనదేలిన చిన్న మేకులు. ద్రవం గోడ దాకా వస్తే ముందు ఆ పట్టీలోకే ఇంకుతుంది. చూడ్డానికి మామూలు పాత చెక్కలాగే ఉంటుంది. చేతితో పీకబోతే తొడుగులు చిరుగుతాయి, అందుకే లోపల కోత తగలని తొడుగు, దాని మీద రెండు రబ్బరు తొడుగులు, మణికట్టు దగ్గర టేపు.

ఆ రోజు ప్లైవుడ్ పలకల అతుకు సరిగ్గా మరక కిందే ఉంది. అతుకు ఉందంటే దారి ఉన్నట్టే. మేకు రంధ్రాలు కూడా అంతే. టార్చి పెట్టి చూస్తే అతుకు పొడవునా సన్నని నల్ల గీత, మంచం కాళ్లు దాటి బీరువా కిందికి పోయింది. రంపంతో పలక కోసినప్పుడు మచ్చ అంచున ఆగం. తెల్లటి శుభ్రమైన చెక్క కనబడేదాకా పోతాం. కింద దూలం పక్కన తడి ఆనవాలు కనబడితే దాన్ని గీకి, క్రిములు చంపే మందు పెట్టి, ఆరాక సీలర్ అనే పూత పూస్తాం. కింది వాటా వాళ్ల పైకప్పు చూడకుండా పని అయిందనము. ఇంటి యజమాని ఆ కన్నం చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత బిల్లు గురించి చాలాసేపు మాట్లాడాడు.

వరుస తప్పితే ఈ పని మొదటికొస్తుంది. ముందు ఇంటిని మూడు భాగాలు చేస్తాం: మలినమున్న గది, బట్టలు విప్పుకునే మధ్య భాగం, శుభ్రమైన భాగం. గదిలో గాలిని వడగట్టి బయటికి లాగే యంత్రం పెడతాం, ఆ గాలి పక్క గదుల్లోకి పోకూడదు. తర్వాత ఈగలు, పురుగులు. తర్వాత కోత, గీకుడు, కడుగుడు. ఆ తర్వాతే క్రిమిసంహారిణి. జనం దీన్నే తలకిందులు చేస్తారు: మరక మీద బ్లీచి కుమ్మరించి వచ్చామంటారు. రక్తంలాంటి సేంద్రియ పదార్థం మీద పడితే బ్లీచి బలం అక్కడే ఖర్చయిపోతుంది. ముందు మురికి పోవాలి. మందు కూడా చల్లి వెంటనే తుడిస్తే వృథా. సీసా మీద రాసినంతసేపు, కొన్నింటికి పది నిమిషాలు, ఉపరితలం తడిగా ఉండాలి. మూత్రం ఉన్నచోట బ్లీచి అసలు వద్దు. అందులోని అమ్మోనియాతో కలిస్తే విషవాయువు పుడుతుంది.

వాసన చివరిది. చుట్టాలు ముందుగా చేసేది అత్తరు, అగరొత్తులు, గదంతా స్ప్రేలు. మూలం లోపల ఉండగా పైన ఏది చల్లినా రెండు వాసనలు కలిసి మూడోది తయారవుతుంది, నాకు మూడోదే ఎక్కువ కష్టం. మూలం తీసేశాక మిగిలినదానికి ఓజోన్ వాయువు వదిలే యంత్రం పెడతాం. అది నడుస్తున్నంతసేపు మనుషులు, కుక్కలు, మొక్కలు అన్నీ బయటే.

నేరం జరిగిన ఇళ్లలో మాకు విసుగు పుట్టించేది రక్తం కాదు, వేలిముద్రల పొడి. తలుపులు, కిటికీలు, స్విచ్చుల చుట్టూ నల్లగా చల్లి పోతారు. తడిగుడ్డ పెట్టారా, మసి గోడంతా పాకుతుంది. ముందు పొడిగానే వాక్యూమ్‌తో లాగాలి. ఓపిక లేనివాళ్లు చివరికి రంగులు వేయించుకుంటారు.

పని అయ్యాక తుడిచినచోట దూదిపుల్ల రాసి చిన్న మీటరులో పెడతాం. జీవకణాలన్నిటిలో ఉండే ఏటీపీ అనే పదార్థం కాస్త మిగిలినా, మిణుగురులో వెలుగు పుట్టించే ఎంజైముతో కలిసి వెలుగుతుంది. ఆ వెలుగును అంకెగా చూపిస్తుంది మీటరు. కొన్ని కంపెనీలు ఈ అంకె చూపించి క్రిములు లేవని హామీ పత్రం రాసిస్తాయి. అది నాకు నచ్చదు. వైరస్‌లో ఏటీపీ ఉండదు. మురికి మిగిలిందా లేదా అన్నదే ఆ మీటరు చెప్పగలదు. మిగతాది మందు ఎంతసేపు తడిగా ఉంచామన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.

వస్తువుల సంగతి వేరే. ఉంగరాలు, నాణేలు, కళ్లద్దాలు శుభ్రం చేసి ట్రేలో పెట్టి ఇస్తాం. కాగితం తడిస్తే దాన్ని శుద్ధి చేయలేం. ఒక ఇంట్లో చేతిరాత ఉత్తరాల కట్ట దొరికింది, అడుగు సగం అట్టకట్టుకుపోయింది. కూతురు అనుమతితో విడదీయగలిగిన ప్రతి పేజీనీ ఫొటో తీశాం, అసలువి ఎర్ర సంచిలో వేశాం. ఆవిడ బయట కారులో కూర్చుని, ఇంకా ఎన్ని పేజీలున్నాయని ఫోనులో అడుగుతూనే ఉంది.

ఎర్ర సంచి మీద, లోపల రోగాలు అంటించే వ్యర్థం ఉందని చెప్పే మూడు కొమ్ముల గుర్తు చూసే ఉంటారు. 1966లో డౌ కెమికల్ కంపెనీలో తయారైంది అది. ఆ సంచులు మామూలు చెత్తలోకి పోవు. కాలిఫోర్నియాలో ఈ పని చేసేవారు రాష్ట్ర ఆరోగ్య శాఖలో నమోదై ఉండాలి, వ్యర్థాలు అనుమతి ఉన్న కేంద్రానికే చేరాలి. బిల్లు పెట్టెల లెక్కన వేస్తారు కాబట్టి రక్తం తాకని కుర్చీలు, పుస్తకాలు కూడా ఎర్ర పెట్టెల్లోకి నెట్టే ఘనులున్నారు. ఏ వస్తువు ఎందుకు పారేస్తున్నారో కాగితం మీద రాయించుకోండి. ఇంటి బీమా చాలాసార్లు ఈ ఖర్చు భరిస్తుంది. నేరమైతే బాధితుల పరిహార నిధికి దరఖాస్తు చేసుకోవచ్చు. అలాంటి నిధిని అమెరికాలో మొదట పెట్టింది కాలిఫోర్నియానే, 1965లో. సహజ మరణానికి అది వర్తించదు.

మనవాళ్లకు ఒక మాట. ఇక్కడ తెలుగువారు ఎవరైనా పోతే శవాన్ని ఇండియా పంపడానికి చందాలు, సంఘాలు, కాగితాలు అన్నీ చకచకా కదులుతాయి. గది సంగతి ఎవరికీ గుర్తురాదు. తోటి కుర్రాళ్లే బకెట్టు, తుడుపుగుడ్డ పట్టుకుని దిగుతారు. దయచేసి ఆ పని వాళ్లచేత చేయించకండి. చందాలో ఆ గది ఖర్చు కూడా కలపండి.

ఇంటి దగ్గర నా పరిస్థితీ చెప్పాలి. అక్కడే రక్షణ సూటు విప్పి, అక్కడే కడుక్కుని వస్తానని ఎంత చెప్పినా మా ఆవిడ వినదు. తలస్నానం అయితే తప్ప వంటింటి గడప తొక్కనివ్వదు. టీకా కాగితాలు ఆవిడ దగ్గర చెల్లవు.

ఇల్లు కొనే తెలుగువాళ్లు మాత్రం ఈ మధ్య నాకు తరచుగా ఫోన్ చేస్తున్నారు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం గత మూడేళ్లలో ఇంట్లో ఎవరైనా చనిపోయి ఉంటే అమ్మేవారు దాచడానికి వీల్లేదు. అంతకుముందువి తమంతట చెప్పనక్కర్లేదు, కానీ మీరు సూటిగా అడిగితే అబద్ధం చెప్పకూడదు. కాబట్టి ఈశాన్యం మూల చూడటం అయ్యాక ఆ ప్రశ్న కూడా అడగండి. మొన్న ఒకాయన 1950లలో కట్టిన ఇల్లు చూసి మనసు పారేసుకున్నాడు, అందులో ఇంతవరకు ఎవరూ పోలేదని ఏజెంటుచేత రాయించమంటారా అని నన్ను అడిగాడు. ఇంకా పునాదులు తవ్వుతున్న కాలనీలు ఊరి ఉత్తరాన చాలా ఉన్నాయి, అటు వెళ్లి చూసుకోండి అన్నాను.