సంచికి మాసిక

శనివారం. నవంబరు ముసురు.

నిన్న ఆఫీసులో లాప్‌టాప్ బయటికి తీస్తుంటే దాని కవరు అడుగున చేతికి తడి తగిలింది. అన్నం డబ్బా కారిందేమోనని ముందు దాన్నే అనుమానించాను. వాసన చూస్తే మజ్జిగన్నం జోలే లేదు, ఉత్త మట్టినీళ్ళు. అంటే సైకిల్ సంచికే చిల్లు పడిందన్నమాట.

జర్మనీలో మేముండే ఎర్లాంగెన్‌లో వాన మనూళ్ళో లాగా కుండపోతగా కురిసి వెలిసిపోదు. సన్నగా, రోజంతా, ఎవరి మీదో కక్ష ఉన్నట్టు పడుతూనే ఉంటుంది. అందుకే ఇక్కడ సైకిల్ మీద ఆఫీసుకెళ్ళేవాళ్ళు వీపు సంచి మానేసి, వెనక క్యారియర్‌కి రెండు పక్కలా తగిలించే నీళ్ళు చొరని సంచులు కొనుక్కుంటారు. నావి ఆర్ట్‌లీబ్ వాళ్ళవి. పైమూతిని మూడు నాలుగు చుట్లు చుట్టి బకిల్ పెట్టే రకం, ఒక్కోటి ఇరవై లీటర్లు. ఏళ్ళ తరబడి రెగ్నిట్స్ నది ఒడ్డు బాటలో, మంచులో, ఉప్పులో నలిగినవే.

రాత్రి గదిలో లైట్లార్పి, సంచిలో ఫోను టార్చి వెలిగించి పెట్టి, మూతి చుట్టేశాను. చిల్లులు వెతకడానికి ఇంతకన్నా తేలిక మార్గం లేదు. సంచి వీపున, క్యారియర్ గొట్టం ఆనుకునే చోట రెండు చుక్కలు మెరిశాయి. అడుగు మూలలో ఇంకోటి. మిగతా గుడ్డంతా నిక్షేపంగా ఉంది.

మూలది అర్థమవుతుంది. సంచిని రోజూ సిమెంటు నేల మీద దించుతాం, అక్కడ అరుగుతుంది. వీపున ఎందుకు? క్యారియర్ చూస్తే అక్కడ గొట్టం నల్లరంగు కూడా పోయి అల్యూమినియం తళతళలాడుతోంది. చలికాలంలో ఇక్కడ రోడ్ల మీద జారకుండా సన్నకంకర చల్లుతారు. ఆ నలుసులు సంచికీ గొట్టానికీ మధ్య చేరితే ఉప్పుకాగితమే. అయినా సంచి కదలకపోతే ఉప్పుకాగితం ఏం చేస్తుంది? కదిపి చూశాను, టకటకలాడింది. పైకొక్కేలు పదహారు మిల్లీమీటర్ల గొట్టానికి సరిపోయేటంత పెద్దవి. సన్న గొట్టాలకు లోపల చిన్న ప్లాస్టిక్ ముక్కలు పెట్టుకోవాలి. నా గొట్టం పది మిల్లీమీటర్లు. ఒక కొక్కెంలో ఆ ముక్క లేదు, ఎక్కడో రాలిపోయింది. కింద సంచి ఊగకుండా పట్టుకునే కొక్కెం కూడా పక్కకి జరిగింది. ఈ రెండూ సరిచెయ్యకుండా చిల్లు మాత్రమే పూడిస్తే మళ్ళీ వానాకాలానికి ఇదే పని.

పొద్దున నాన్నకి వీడియో కాల్‌లో చూపించాను. విజయవాడలో లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేసిన మనిషి, లారీల మీద కప్పే పట్టాల సంగతి ఆయనకి చెప్పక్కర్లేదు.

"లారీ పట్టా గుడ్డే కదరా ఇది. ఆటోనగర్‌లో పడేస్తే పావుగంటలో మాసికేసి కుట్టిచ్చేవాళ్ళు."

"కుట్టకూడదు నాన్నా. సూది దిగిన ప్రతిచోటా నీళ్ళు దూరతాయి."

"పైన మైనం రుద్దితే ఎక్కడ దూరతాయి?"

నూలు పట్టాల కాలం మాట అది. కానీ మొదటి ముక్క మాత్రం అక్షరాలా నిజం. ఈ సంచులు నిజంగానే లారీ పట్టా గుడ్డతో మొదలయ్యాయి. 1982లో హార్ట్‌ముట్ ఆర్ట్‌లీబ్ అనే ఆయన ఆ గుడ్డతోనే సైకిల్ సంచులు చేసి కంపెనీ పెట్టాడు. ఇప్పుడది హైల్స్‌బ్రొన్‌లో ఉంది, న్యూరెంబర్గ్‌కి అవతల, మాకు దగ్గరే. పాలియెస్టర్ నేత మీద పీవీసీ పూత, అతుకుల దగ్గర కుట్టు ఉండదు, కరిగించి అతికిస్తారు.

పంక్చర్ సొల్యూషన్ ఇంట్లో ఉంది గానీ దాన్ని ముట్టుకోలేదు. అది ట్యూబు రబ్బరుతో కలిసిపోవడానికి చేసినది. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి పదార్థం మెల్లగా పైకి ఊరి మామూలు జిగుర్లని వదులు చేసేస్తుంది. రెండు వారాలు ఉన్నట్టే ఉండి తొక్కలా లేచొస్తుంది. గాలిపడవలకీ ఈతతొట్లకీ వాడే పీవీసీ జిగురే కావాలి. ఆదివారం ఇక్కడ కొట్లు మూసేస్తారు కాబట్టి, ఇవాళే వానలో వెళ్ళి తెచ్చాను. దాంతోపాటు ఇచ్చిన పట్టా ముక్క తెలుపు. నా సంచి ఎరుపు. పోనీలే.

జిగురుకి వెచ్చదనం కావాలి, బాల్కనీలో అయిదు డిగ్రీలు. ఇంట్లో పెడితే కంపు. "కొత్తవి కొనేసుకోవచ్చుగా, ఇల్లంతా పెయింటు డబ్బాలా చేసే బదులు" అంది మా ఆవిడ. జత నూట యాభై యూరోల పైమాటే అనేసరికి వంటింటి కిటికీ తనే తెరిచింది, స్టవ్ కట్టేసి.

మిగతాదంతా ఓపిక పని. సంచి లోపలా బయటా సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, స్పిరిట్‌తో తుడిచాను. ముక్క మూలలు గుండ్రంగా కోశాను, కోసుగా ఉంటే అక్కణ్ణుంచే లేస్తుంది. ముక్కకీ సంచికీ జిగురు పల్చగా పూసి, వేలికి బంకగా తగిలేదాకా ఆగి, చపాతీ కర్రతో నొక్కి రుద్దాను. (ఈ కర్ర సంగతి ఇంకా ఇంట్లో బయటపడలేదు.) రేపు సాయంత్రం దాకా దాన్ని కదిలించను. క్యారియర్ గొట్టానికి పాత ట్యూబు ముక్క చుట్టాలనుకున్నాను గానీ రబ్బరులో నలుసులు గుచ్చుకుని ఉండిపోతాయి. నున్నటి పారదర్శక ఫిల్మ్ అంటించాను, తుడిస్తే పోతాయి. కొక్కెంలో ముక్కలు సైకిల్ షాపులో విడిగా దొరికాయి, చిల్లర డబ్బులే.

కొత్తవి కొనాల్సిన రోజు కూడా వస్తుంది. చుట్టే మూతి దగ్గర మడత పడే గీతల్లో పూత పగిలి లోపలి నేత కనిపించడం మొదలైతే మాసికలతో లాభం లేదు, గుడ్డే పోయినట్టు. ఎడమ సంచికి అక్కడ సన్నటి గీతలున్నాయి. గోటితో గీరి చూశాను, ఇంకా పూత వరకే.

సాయంత్రం నాన్నకి ఫొటో పంపాను. జవాబు వెంటనే వచ్చింది: "తెల్లముక్క ఏంట్రా? ఎర్రది దొరకలేదా?"