మహేంద్రగిరి మీద మామ్మ మాట

మామ్మ సంవత్సరీకం అయిపోయింది కాబట్టి ఇక కొండ ఎక్కొచ్చని పెద్దనాన్న అన్నాడు. అందరం ఆ మాట కోసమే చూస్తున్నాం. ఈ శివరాత్రికి మహేంద్రగిరి వెళ్దామని ఆ పూటే ఖాయం చేసుకున్నాం. గుణుపురం నుంచి పెద్దత్త, బరంపురం నుంచి చిన్నత్త, విశాఖ నుంచి చిన్నాన్న వాళ్ళు ముందురోజుకే పర్లాకిమిడి చేరిపోయారు.

మా వైపు చాలామందికి శివరాత్రి జాగరణ అంటే ఈ కొండే. ఇప్పుడు జీపులు చాలా పైదాకా పోతాయి. ఆంధ్రలోని మందస వైపు నుంచి వచ్చేవాళ్ళు మాత్రం అడవి దారిన నడిచే ఎక్కుతారు. 1501 మీటర్ల ఎత్తు, ఒడిశాలోని పెద్ద శిఖరాల్లో ఇదొకటి. కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల ఇలవేల్పు గోకర్ణస్వామి కొలువున్నది ఇక్కడే. వాళ్ళ తామ్రశాసనాల్లో ఆ స్వామి పేరు తరచూ కనిపిస్తుంది. పరశురాముడు తపస్సు చేసుకుంటున్న కొండ అని పురాణం. ఇవన్నీ మేం పెద్దయ్యాక చదివి తెలుసుకున్నవి. మామ్మకి మాత్రం ఇది కుంతమ్మ కొండ.

ఆమె పుట్టింది పాతపట్నంలో, 1932లో. తనకి నాలుగేళ్ళప్పుడు, 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయింది. పర్లాకిమిడి ఇటు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. దాంతో పుట్టిల్లు ఒక రాష్ట్రం, అత్తిల్లు ఒక రాష్ట్రం అయ్యాయి. తెలుగు ఇంట్లోది, ఒడియా వీధిలోది. కొండ మీది గిరిజనుల సవర భాష మాత్రం సంతలో నేర్చుకుంది, అవసరం కొద్దీ.

ఆ అవసరం ఏమిటంటే విస్తళ్ళు కుట్టే అడ్డాకులు. తాతయ్య జ్వరంతో పోయేనాటికి ఇంట్లో ఐదుగురు పిల్లలు. ముగ్గురు మామ్మ కన్నవాళ్ళు, అంటే పెద్దనాన్న, ఇద్దరు అత్తలు. మిగతా ఇద్దరూ తోటికోడలి పిల్లలు. ఆవిడ రెండో పురుట్లో పోయింది, మరిదేమో రైల్వే పనికని ఖరగ్‌పూర్ వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. ఆ ఇద్దరిలో పెద్దవాడు మా నాన్న.

కొండ దిగి సంతకొచ్చే సవర ఆడవాళ్ళ దగ్గర మామ్మ అడ్డాకు కట్టలు కొనేది. ఎండిన ఆకు అలాగే కుడితే పెళుసుగా విరిగిపోతుంది. అందుకని ముందురోజు రాత్రి నీళ్ళు చిలకరించి, తడి గోనె కప్పి, మీద సన్నికల్లు పెట్టేది. తెల్లవారేసరికి ఆకు మెత్తగా సాగేది. నడుమ ఒక పెద్ద ఆకు, చుట్టూ మిగతావి, వెదురు ఈనె గుచ్చి, లోపలికి మడిచి, బొటనవేలి గోటితో టక్కున తుంచేది. ఆ గోరు మధ్యకి చీలి, చివరిదాకా అలాగే ఉండిపోయింది. వంద విస్తళ్ళు ఒక కట్ట. ఆ కట్టలు నేరోగేజి బండిలో ఇటు గుణుపురం, అటు టెక్కలి వెళ్ళేవి. ఆ బండి 2004లో ఆపేశారు. చాలా రోజులు దాని కూత కోసం చెవులు రిక్కించేదని అమ్మ చెబుతుంది.

చదువు రాదు, కానీ మామ్మ లెక్క చూడండి. ఉగాదినాడు పంచాంగం వినడానికి అందరూ ఆదాయం, వ్యయం కోసం వెళ్తే, మామ్మ మూఢాలెప్పుడు, ఏ నెలలో ఎన్ని ముహూర్తాలు అని పంతులుగారిని అడిగి వచ్చేది. దాన్నిబట్టి ఆకు కొని పెట్టుకునేది. పెళ్ళిళ్ళ రోజుల్లో ఊరంతా విస్తళ్ళకి వెతుక్కుంటుంటే మా ఇంట్లో కట్టలు అటక దాకా ఉండేవట. ఐదుగురి చదువులూ, ఇద్దరాడపిల్లల పెళ్ళిళ్ళూ ఆ అటక మీద నుంచే దిగాయి. దసరాకి మాత్రం ఒకే తానులోంచి ఐదుగురికీ బట్టలు. చొక్కాలూ అదే, లంగాలూ అదే. పెద్దవాణ్ణి నాకూ అదేనా అని పెద్దనాన్న ఏడ్చినా మామ్మ వినలేదు.

కొండ మీదికి చేరేసరికి బాగా చీకటి పడింది. మంచు, ఈదురుగాలి, మాఘమాసం చివర్లో కూడా అక్కడ పళ్ళు టకటక కొట్టుకుంటాయి. అటు ఒడియా భజన, ఇటు మన వాళ్ళ శివనామం, రెండూ కలిసిపోయి వినిపిస్తున్నాయి. ముందు పెద్ద పెద్ద బండలు పేర్చి కట్టిన భీముడి గుడి చూసుకుని, కుంతి గుడికి వచ్చాం.

మామ్మ ఐదుగురినీ వెంటేసుకుని ఇక్కడికి వచ్చేదట. ఒకసారి క్యూలో ఎవరో, "అయిదుగురూ నీ పిల్లలేనా?" అని అడిగారట. "కుంతమ్మకి ఎంతమందో నాకూ అంతమందే" అందట మామ్మ. ఈ మాట నాన్న చెప్పగా మేం చాలాసార్లు విన్నాం. ఆ గుడి ముందు నిలబడి వింటే మాత్రం నాకు కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు.

కుంతి గుడిలో కొబ్బరికాయ పెద్దకొడుకు కొట్టాలి. పెద్దనాన్న కాయ తీసి, పీచు ఒలిచి, నాన్న చేతిలో పెట్టాడు. "అమ్మ పేరు చెప్పి నువ్వు కొట్టరా" అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. కొట్టాడు.

తర్వాత ధర్మరాజు గుడి. ఇక్కడ మామ్మ పిల్లలకి యక్షుడి కథ చెప్పేది. నలుగురు తమ్ముళ్ళూ చెరువు గట్టున పడి ఉన్నారు, ఒక్కణ్ణే బతికిస్తానన్నాడు యక్షుడు. ధర్మరాజు భీముణ్ణి కోరలేదు, అర్జునుణ్ణి కోరలేదు. కుంతికి నేనున్నాను, మాద్రికీ ఒక కొడుకుండాలి కదా, నకులుణ్ణి ఇమ్మన్నాడు. కథ అయ్యాక మామ్మ నాన్నకీ చిన్నాన్నకీ ఒక కాయ ఇచ్చి, "మీయమ్మ పేరు సెప్పి కొట్టండర్రా, బేగి" అనేది. వాళ్ళకి తల్లి ముఖం గుర్తులేదు. ఫొటో కూడా లేదు. నవ్వితే ఎలా ఉండేది, ఏ పాట పాడేది, చిన్నాన్న కడుపులో ఉన్నప్పుడు ఏం తినాలని అడిగింది, అన్నీ మామ్మే చెప్పింది. తను అమ్మ అనిపించుకుంటూనే, ఆ అమ్మని ఈ ఇంట్లోంచి పోనివ్వలేదు. మామ్మ చేసిన వాటన్నిటిలో నాకు ఇదే పెద్ద పనిగా కనిపిస్తుంది.

ఆ రెండో కాయ ఈసారి పెద్దనాన్న కొట్టాడు. "పిన్ని పేరున" అన్నాడు.

తెల్లవారి సూర్యుణ్ణి చూసి దిగాం. దారిలో సవర ఆడవాళ్ళు కొత్త చింతపండు, కొండ చీపుర్లు పెట్టుకుని కూర్చున్నారు. పెద్దత్త వాళ్ళ భాషలోనే బేరం మొదలుపెట్టేసరికి, వాళ్ళలో ఒక ముసలావిడ నవ్వి, జరిగి చోటిచ్చింది. ఒక బుట్టెడు చింతపండు జీపెక్కింది. కదిలే బండిలోనే పెద్దత్త ఐదు వాటాలు వేసింది. నా వాటాలోనే పిక్కలెక్కువున్నాయని చిన్నత్త పర్లాకిమిడి వచ్చేదాకా పేచీ పెడుతూనే ఉంది.