ముల్లు మధ్యలోనే ఉంది కదా అనుకున్నా

ముందే చెప్పేస్తా, నేను మెకానిక్‌ని కాదు. పగలంతా డేటాబేస్‌లు చూసుకునే ఉద్యోగం, ఉండేది డల్లాస్ పక్కన ప్లానోలో. రెండేళ్ల కిందట 2003 మోడల్ బీఎండబ్ల్యూ 325ఐ ఒకటి 2,800 డాలర్లకు కొన్నాను. మీటర్ మీద 1,38,000 మైళ్లు. ఆటోమేటిక్. మాన్యువల్ గేర్ బండి అయితే ఆ మజాయే వేరని నాకూ తెలుసు, కానీ వాటికి ఇంకో రెండు మూడు వేలు ఎక్కువ అడుగుతున్నారు, పైగా మా ఆవిడ కూడా నడపాలి కదా అని ఒక వంక దొరికింది. ఇప్పటిదాకా ఆమె దాన్ని నడిపింది మూడుసార్లు.

ఈ తరం 3 సిరీస్‌ను ఈ46 అంటారు. 1998 నుంచి 2006 వరకు తయారయ్యాయి. నా దాంట్లో ఉన్నది ఎం54 ఇంజన్, ఆరు సిలిండర్లు ఒకే వరుసలో, రెండున్నర లీటర్లు. ఇంజన్ నడుస్తోందో ఆగిందో తెలియక సిగ్నల్ దగ్గర రెండోసారి తాళం తిప్పిన రోజులున్నాయి, అంత నున్నగా తిరుగుతుంది. దానికి పడనిది ఒక్కటే, వేడి. అంతా అల్యూమినియం కాబట్టి ఒక్కసారి గట్టిగా ఓవర్‌హీట్ అయిందంటే హెడ్ (ఇంజన్ పై భాగం) వంగుతుంది, దానికీ కింది బ్లాక్‌కీ మధ్య సీలులా ఉండే హెడ్ గాస్కెట్ పోతుంది, ఇంకా ఖర్మ కాలితే హెడ్ బోల్టులు పట్టుకునే మరలు బ్లాక్‌లోంచి ఊడొస్తాయి. ఆ వేడిని ఆపాల్సిన కూలింగ్ సామానులో సగం ప్లాస్టిక్. ఇరవై ఏళ్లు వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, ఏ ప్లాస్టిక్ అయినా అప్పడంలా అవుతుంది. కొనే ముందు ఇదంతా చదివాను. చదివి, నా బండి బాగానే ఉందిలే అనుకున్నాను.

మే నెలలో ఓ రోజు డ్యాష్‌బోర్డు మీద కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గిందని పసుప్పచ్చ దీపం వెలిగింది. బానెట్ ఎత్తి చూస్తే పాకం మాడినట్టు తియ్యటి వాసన. ఇంజన్ చల్లారాక ఇంట్లో కుళాయి నీళ్లు ఓ అర లీటరు పోసి ఊరుకున్నా. పది రోజులకు మళ్లీ దీపం, మళ్లీ నీళ్లు. జూలైలో సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆఫీసు నుంచి వస్తుంటే, బయట 104 ఫారెన్‌హీట్, బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి. టెంపరేచర్ ముల్లు మాత్రం నిటారుగా మధ్యలో. ముల్లు బాగానే ఉంది కదా, ఎగ్జిట్ దాకా పోనిద్దాం అనుకునేలోపు అది ఒక్కసారిగా కుడివైపు ఎర్ర గీతకు పడింది. వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపేశాను. ఆపకుండా ఇంకో మైలు వెళ్లుంటే ఇదంతా రాసే పని ఉండేది కాదు, బండి తుక్కుకు పోయేది.

టో ట్రక్కు కోసం ఎదురుచూస్తూ నాన్నకు ఫోన్ చేశా. అక్కడ తెల్లవారుజాము. నాన్న పాతికేళ్లు తణుకులో అంబాసిడర్ ట్యాక్సీ నడిపారు. నేను పూర్తిగా చెప్పకముందే, "ఒరేయ్, మూత మీద చెయ్యి పెట్టకు. చల్లారేదాకా దాని దగ్గరికే పోకు" అన్నారు. ముంజేతి మీద ఆయనకున్న మచ్చ అలా వచ్చిందేనట, చిన్నప్పటి నుంచి చూస్తున్నా ఎప్పుడూ అడగలేదు.

దగ్గర్లోని ఒక షాపువాళ్లు ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, అంటే కూలెంట్ పోసే ప్లాస్టిక్ డబ్బా, పగిలిందని తేల్చారు. అది ఒక్కటీ మారిస్తే ఆర్నెల్లలో ఇంకోటి పోతుంది, అన్నీ కలిపి మార్చుకోండి, 1,850 డాలర్లు అన్నారు. సలహా నిజమే, అందులో మోసం లేదు. కానీ బండి విలువలో మూడింట రెండు వంతులు! మళ్లీ టో చేయించి ఇంటికి తెచ్చుకున్నా.

ఇక్కడో చిన్న చిక్కు. మా కాలనీ ఇంటి యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) నిబంధనల ప్రకారం డ్రైవ్‌వేలో బండి విప్పి పెట్టకూడదు. అంచేత జూలైలో, టెక్సాస్‌లో, గ్యారేజీ తలుపు సగం దించుకుని లోపల చేయాలి. ఫ్యాను పెట్టినా అది వేడిగాలినే తిప్పి తిప్పి కొడుతుంది. పొద్దున ఐదున్నర నుంచి తొమ్మిది వరకు, అంతే, ఆ తర్వాత మనిషి ఓవర్‌హీట్ అవుతాడు.

సామాను గురించి కొంచెం చెప్పాలి, నేను డబ్బు తగలేసింది ఇక్కడే. మొదట 35 డాలర్లకు వస్తోందని పేరూ ఊరూ లేని ట్యాంకు తెప్పించా. మూత బిగిస్తే మర సగంలో పట్టేసింది. తిరిగి పంపేసి, బెహ్ర్ అనే సంస్థ ట్యాంకు తెప్పించా. కంపెనీ బండికి ఏ సంస్థ సామాను అందించిందో ఆ సంస్థ డబ్బాలోనే కొంటే, వస్తువు ఒకటే, ధర తక్కువ. నాకొచ్చిన ట్యాంకు మీద బీఎండబ్ల్యూ గుర్తు ఉండాల్సిన చోట గీకేసి ఉంది. ట్యాంకు, మూత, రేడియేటర్, రెండు హోస్‌లు, థర్మోస్టాట్ (తగినంత వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు), లోహపు ఇంపెల్లర్ (కూలెంట్‌ను తోసే రెక్కల చక్రం) ఉన్న వాటర్ పంపు, రెండు బెల్టులు, నీలం రంగు కూలెంట్ నాలుగు లీటర్లకు పైగా, డిస్టిల్డ్ వాటర్. అన్నీ కలిపి 460 డాలర్లు. కూలెంటూ నీళ్లూ సగం సగం. కుళాయి నీళ్లు వద్దు, లోపల ఉప్పు పేరుకుంటుంది. రెండు నెలలు అవే పోసిన నేనే ఈ మాట చెబుతున్నానని మీరు నవ్వుకున్నా ఫరవాలేదు.

మొదటి ఆదివారమంతా ఒకే ఒక్క నట్టుకు పోయింది. ఆటోమేటిక్ ఈ46లో రేడియేటర్ వెనక ఫ్యాను వాటర్ పంపు మీదే బిగించి ఉంటుంది, 32 మిల్లీమీటర్ల నట్టుతో. దానికి ఉన్నది ఎదురు మర. మామూలు నట్టు ఎడమకు తిప్పితే ఊడుతుంది, ఇది కుడికి తిప్పితే ఊడుతుంది. ఇది నాకు తెలుసు. తెలిసినా, ఇంజన్‌కు ఎదురుగా నిలబడి, వంగి, చెమట కళ్లలో పడుతుంటే, చేయి దానంతట అదే ఎడమకు లాగింది, ఒకసారి కాదు, గంటసేపు. ఊడదీస్తున్నా అనుకుంటూ బిగించేశాను. ఆటో పార్ట్స్ షాపులో డిపాజిట్ కట్టి తెచ్చుకున్న ఫ్యాను రెంచి ఉంటుంది, పుల్లీని కదలకుండా పట్టుకునే పట్టీ ఇంకొకటి. చివరికి పట్టీ పెట్టి, రెంచి పిడి మీద సుత్తితో ఠపీమని ఒక్క దెబ్బ, మెల్లగా నెట్టడం కాదు, దెబ్బ. వదిలింది. తీసిన ఫ్యానును పడుకోబెట్టకూడదు, నిలబెట్టి ఉంచాలి, లేకపోతే మధ్యలో ఉన్న క్లచ్‌లోని సిలికాన్ నూనె కారిపోతుంది. మా అబ్బాయి దాన్ని గోడకు ఆనించి కళ్లూ ముక్కూ గీశాడు.

రెండో తప్పు ఆ మర్నాడే. పంపు పుల్లీకి నాలుగు చిన్న బోల్టులుంటాయి. బెల్టు మీద ఉన్నప్పుడే, అది పట్టి ఉంచినప్పుడే వాటిని వదులు చేసుకోవాలి. నేను హుషారుగా బెల్టు ముందే తీసేశాను. ఇక స్పానర్‌తో పాటు పుల్లీ కూడా రంగులరాట్నంలా తిరుగుతోంది. మళ్లీ బెల్టు ఎక్కించి, బోల్టులు వదులు చేసి, మళ్లీ తీయడం. బెల్టు తీసే ముందు దాని దారిని ఫోటో తీసుకున్నా, ఆ ఒక్క తెలివైన పనీ చేశాను.

పాత ట్యాంకు తీస్తుంటే చేతిలోనే మూడు ముక్కలైంది. రేడియేటర్ పై హోస్‌కు తగిలే ప్లాస్టిక్ మెడ కూడా వేలితో నొక్కితే చిట్లిపోయింది, అంటే ట్యాంకు ఒక్కటే మార్చి ఉంటే నెలలోపు అదే హైవే మీద మళ్లీ నిలబడేవాడిని. వాటర్ పంపు మాత్రం ముచ్చటైన పని. దాని అంచులో రెండు ఖాళీ మర రంధ్రాలుంటాయి, వాటిలో రెండు బోల్టులు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెం బిగిస్తూ పోతే పంపు దానంతట అదే బయటికి జరుగుతుంది. స్క్రూడ్రైవర్‌తో కెలకాల్సిన పనే లేదు. ఎవరో పాపం ఆలోచించి పెట్టారు. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ దగ్గర నూనె చెమర్చి ఆల్టర్నేటర్ మీద పడుతోందని అప్పుడే కనిపించింది, పనిలో పనిగా ఆ గాస్కెట్ కూడా మార్చాను. ఈ "పనిలో పనిగా" అనే మాట వల్ల రెండు రోజుల పని రెండు వారాలైంది.

మూడో వారాంతానికి అన్నీ బిగించి, కూలెంట్ పోసి, స్టార్ట్ చేశా. లీకులు లేవు. ముల్లు మధ్యలోకొచ్చి ఆగింది. ఇంట్లోకి కేకేసి అందరినీ పిలిచాను కూడా.

అయితే ఈసారి ముల్లును నమ్మదలుచుకోలేదు. ఈ బండిలో ఆ ముల్లు నిజం చెప్పదు. సుమారు 75 డిగ్రీల సెల్సియస్ నుంచి 115 దాకా ఎంత వేడి ఉన్నా అది మధ్యలోనే నిలబడేలా కట్టారు, నడిపేవాళ్లు ఊరికే కంగారుపడకుండా. అసలు అంకె కావాలంటే మీటర్ లోపల దాచిన మెనూ ఉంది. మీటర్ బటన్ నొక్కి పట్టుకుంటే టెస్టు నంబర్లు వస్తాయి. విన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య) చివరి ఐదు అంకెలూ కూడి (నాది 23 వచ్చింది), 19వ టెస్టులో ఆ అంకె దగ్గర నొక్కితే తాళం తెరుచుకుంటుంది. ఆ తర్వాత 7వ టెస్టులో కేటీఎంపీ అని కూలెంట్ వేడి సెల్సియస్‌లో కనిపిస్తుంది.

93. 97. ఇక్కడ థర్మోస్టాట్ తెరుచుకోవాలి, దాని లెక్క 97. కానీ 101 అయింది, 104, 108. ముల్లు మాత్రం మధ్యలోనే, ధ్యానంలో ఉన్నట్టు. హీటర్ పూర్తి వేడికి తిప్పితే చల్లగాలి వచ్చింది. గ్యారేజీలో 40 డిగ్రీల ఉక్కలో హీటర్‌లోంచి చల్లగాలి రావడం హాయిగానే ఉంటుంది కానీ దానర్థం లోపల గాలి ఇరుక్కుంది, కూలెంట్ తిరగడం లేదు. ఆపేశాను. ఇంత చేసి ఇంజన్‌ను నా చేతులతోనే చంపుతున్నానా అని కడుపులో దేవినట్టయింది.

తప్పు నాదే. కూలెంట్ పోసేటప్పుడు తాళం రెండో స్థానంలో (కరెంటు వస్తుంది, ఇంజన్ నడవదు) ఉండాలి, హీటర్ పూర్తి వేడి మీద, బ్లోయర్ సన్నగా. అప్పుడే హీటర్ వాల్వు తెరుచుకుని ఆ దారిలో గాలి బయటికొస్తుంది. నేను తాళం జేబులో వేసుకుని పోశాను. ఆ సాయంత్రం పూర్తిగా చల్లారాక ముందు చక్రాలు ఎత్తి స్టాండ్ల మీద పెట్టి (ఒట్టి జాకీని నమ్మి ఎప్పుడూ పని చేయకండి), మూత పక్కన, గాలి బయటికి వదలడానికి ఉండే బ్లీడ్ స్క్రూ వదులు చేసి, సన్నధారగా పోస్తూ కూర్చున్నా. స్క్రూ దగ్గర గుడగుడమంటూ బుడగలు. ఇరవై నిమిషాలకు బుడగలు ఆగి నీలం ధార వచ్చింది. ఆ సంతోషంలో స్క్రూను ఒక చుట్టు ఎక్కువ బిగించాను. టక్. తల విరిగింది. అది కూడా ప్లాస్టిక్కే. కొత్తది రావడానికి మూడు రోజులు.

హైదరాబాద్‌లో ఈ90 (ఈ46 తర్వాతి తరం 3 సిరీస్) ఉన్న తమ్ముడొకడికి ఇదంతా చెబితే నవ్వాడు. వాడి ఆరు సిలిండర్ల ఎన్52 ఇంజన్‌లో వాటర్ పంపు కరెంటుది. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం తిప్పి, హీటర్ పెట్టి, యాక్సిలరేటర్ పది సెకన్లు తొక్కి పట్టుకుంటే పంపు పన్నెండు నిమిషాలు దానంతట అదే తిరిగి గాలి తోసేస్తుంది. "అన్నా, నేను టీ తాగి వస్తా" అన్నాడు. ఆ పంపు పోయినప్పుడు దాని ధర ఎంతో నేను గుర్తు చేయలేదు.

స్క్రూ వచ్చాక మళ్లీ మొదటి నుంచి. ఈసారి వేళ్లతో బిగించి, ఆపైన కాస్త, అంతే. 95, 97, 98, 96. హీటర్‌లో సెగ. పది మైళ్లు తిరిగొచ్చి, చల్లారాక మూత తీస్తే కొంచెం దిగింది, పోశాను. వారం తర్వాత ఇంకొంచెం. ఆ తర్వాత కదల్లేదు. పాత కూలెంట్‌ను మూత గట్టిగా ఉన్న క్యాన్లలో పట్టి ఊరివాళ్ల హానికర వ్యర్థాల కేంద్రంలో ఇచ్చొచ్చాను. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే చచ్చిపోతాయి, నేల మీద ఒలికినా వెంటనే కడిగేయాలి.

అక్టోబరులో అమ్మా నాన్నా వచ్చారు. ఎయిర్‌పోర్టు నుంచి ఈ బండిలోనే తీసుకొచ్చాను. నాన్న ముందు సీట్లో కూర్చుని రోడ్డు చూడటం మానేసి ఆ అంకెనే చూస్తున్నారు. ట్రాఫిక్‌లో 102 అయ్యేసరికి, "నీళ్లు వంద దగ్గరే మరుగుతాయి కదరా, ఆపు" అన్నారు. మూత 2 బార్ ఒత్తిడి దాకా పట్టి ఉంచుతుంది నాన్నా, పైగా కూలెంట్ కలిసింది, నూట ఇరవై దాటినా మరగదు అని చెప్పాను. విని, తల ఊపి, ఏమీ అనలేదు.

మర్నాడు డిక్కీ తెరిస్తే మూలకు ఐదు లీటర్ల నీళ్ల క్యాను, దొర్లకుండా తాడుతో కట్టి ఉంది. కుళాయి నీళ్లు. ఆయన నిద్రపోయాక వంపేసి డిస్టిల్డ్ వాటర్ నింపి, తాడు ఆయన వేసిన ముడే వేసి పెట్టాను.