ఆరోపణల ఇంగ్లిష్: మెయిన్స్ రిపోర్టు, లేఖల కోసం నేను సాధన చేసిన తీరు

గ్రూప్-1 మెయిన్స్‌లో ఇంగ్లిష్ పేపర్ మార్కులు ర్యాంకులో కలవవు కాబట్టి ఒంగోలులో నాతోపాటు చదివిన వారిలో చాలామంది దాన్ని చివరి రోజులకు వదిలేసేవారు. కానీ అందులో అర్హత మార్కులు రాకపోతే మిగిలిన పేపర్లలో ఎంత బాగా రాసినా ప్రయోజనం లేదు. లేఖ, రిపోర్టు, పత్రికా ప్రకటన రాసేటప్పుడు ఫిర్యాదులు, ఆరోపణలు, వివరణలు తరచుగా వస్తాయి గనుక ఆ పదాలపై నేను ప్రత్యేకంగా సమయం పెట్టాను.

ముందుగా వ్యాకరణం సంగతి. ఒక వ్యక్తిని 'అక్యూజ్' చేస్తే తర్వాత 'ఆఫ్' రావాలి, 'ఛార్జ్' చేస్తే 'విత్' రావాలి, 'బ్లేమ్' చేస్తే 'ఫర్' రావాలి. 'డినై' తర్వాత క్రియ వస్తే దానికి 'ఇంగ్' చేరాలి. తప్పులు కనిపెట్టే ప్రశ్నలకు ఈ మాత్రం చాలు. 'అలెజ్' మాత్రం వేరు, దాని తర్వాత కర్మగా మనిషి రాడు, విషయమే వస్తుంది. అతనిపై ఆరోపించారు అని తెలుగులో ఆలోచించి 'దే అలెజ్డ్ ఆన్ హిమ్' అని రాసేవాళ్లు మన దగ్గర ఎక్కువ. 'దే అలెజ్డ్ దట్ హి టుక్ ఎ బ్రైబ్' అనాలి, లేదా 'హి ఈజ్ అలెజ్డ్ టు హావ్ టేకెన్ ఎ బ్రైబ్' అనాలి.

అసలు కష్టం రిపోర్టులో ఉంటుంది. నాగార్జునసాగర్ కుడి కాలువ చివరి ఆయకట్టుకు నీరు అందడం లేదన్న అంశం ప్రకాశం జిల్లా వారికి కొత్త కాదు కాబట్టి దాన్నే సాధనకు ఎంచుకున్నాను. ఎగువన కొందరు అక్రమంగా తూములు పెట్టి నీటిని మళ్లిస్తున్నారని రైతులు అంటే అక్కడ 'అలెజ్' సరిపోతుంది, ఎందుకంటే అది ఇంకా రుజువు కాని, తప్పు మోపే మాట. నిర్ణీత పరిమాణంలో నీరు వదిలామని ఇంజినీరు చెబితే 'సెడ్' రాయాలి; 'క్లెయిమ్డ్' అని రాస్తే ఆయన మాట నమ్మదగినది కాదని రాసేవాడే సూచించినట్లవుతుంది, 'అడ్మిటెడ్' అని రాస్తే ఆయన తప్పు ఒప్పుకున్నట్లవుతుంది. ఆరోపణను ఆయన కాదన్నంత మాత్రాన 'రెఫ్యూటెడ్' అనకూడదు, గేజ్ రీడింగులు (కాలువ నీటి కొలతలు) చూపి అది అబద్ధమని నిరూపించినప్పుడే ఆ పదం చెల్లుతుంది. ఇక ఎండిపోయిన పొలం రిపోర్టు రాసేవాడి కళ్లెదుటే ఉన్నప్పుడు దానికి 'అలెజ్డ్' తగిలించడం అతిజాగ్రత్త. పంట ఎండడం వాస్తవం, దానికి కారణం ఎవరన్నది మాత్రమే ఆరోపణ.

క్రైమ్ వార్తల మీద సాధన చేసే వారు కేసు నడిచే దశలను కూడా గమనించాలి. క్రిమినల్ కేసుల దర్యాప్తు, విచారణ పద్ధతిని చెప్పే చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది, దానిలోని 173వ సెక్షన్ కింద ఎఫ్‌ఐఆర్ నమోదవుతుంది. అది పోలీసులకు అందిన సమాచారానికి నమోదు మాత్రమే, కాబట్టి ఆ రోజు వార్తలో 'ఛార్జ్డ్ విత్' అనడం తొందరపాటు. మన ఇంగ్లిష్ పత్రికలు వాడే 'బుక్డ్' అక్కడ సరైనది. దర్యాప్తు పూర్తయి ఛార్జిషీటు దాఖలైతే 'ఛార్జ్‌షీటెడ్', కోర్టు అభియోగాలు ఖరారు చేశాక 'ఛార్జెస్ ఫ్రేమ్డ్', దోషి అని తీర్పు వచ్చాకే 'కన్విక్టెడ్ ఆఫ్'. 'అలెజ్డ్ అక్యూజ్డ్' అన్న జంట మాత్రం ఎక్కడా పనికిరాదు, ఆరోపణ ఎదుర్కొంటున్న వాడినే అక్యూజ్డ్ అంటారు.

'అలెజెడ్లీ' ఒక్కటి పెడితే పరువునష్టం భయం పోతుందని కొందరు అనుకుంటారు గానీ, ఆ పదం చట్టపరమైన కవచం కాదు. పైగా మూలం చెప్పకుండా 'ఇట్ ఈజ్ అలెజ్డ్' అని మొదలుపెడితే ఎవరు ఆరోపించారన్న ప్రశ్న మిగిలిపోతుంది, దిద్దేవారికి అది వెంటనే కనిపిస్తుంది. నెల్లూరు, ఒంగోలు ఎడిషన్ల జిల్లా పేజీలోని ఒక వార్తను తీసుకుని, ప్రతి వాక్యం పక్కన అది ఎవరి మాటో పెన్సిల్‌తో రాసుకోండి: ఫిర్యాదుదారు, పోలీసు, కోర్టు, విలేకరి. ఎవరి మాటో తేలని వాక్యాన్ని మూలం చేర్చి తిరిగి రాయండి, ఆ తర్వాతే దానికి తగిన క్రియను ఎంచుకోండి.