బేగంపేట పాత ఇళ్ల మధ్య ఒక ఉదయం

ప్రకాశ్‌నగర్ మెట్రో స్టేషన్‌లో దిగి చిన్నాయనా, నేనూ నడక మొదలుపెట్టాం. మలేరియా ల్యాబ్‌లో రక్తపు స్లైడులు చూస్తూ రిటైరైన మనిషి ఆయన. బేగంపేటలో ఆయన మనసు ఒకే ఇంటి మీద ఉంది. అయినా నా కోసం ముందు స్పానిష్ మసీదుకు వచ్చాడు.

ఈ మసీదుకు మనం అలవాటుపడ్డ గుండ్రటి గుమ్మటాలు లేవు, కోసుగా పైకి లేచిన శిఖరాలున్నాయి. నిజాంల కొలువులోని 'పైగా' అనే కులీన వంశానికి చెందిన నవాబు వికారుల్ ఉమ్రా స్పెయిన్‌లోని కోర్డోబా మసీదు చూసి ముచ్చటపడి తలపెట్టిన కట్టడం ఇది. 1906లో పూర్తయింది. ఆయన మాత్రం 1902లోనే కన్నుమూశారు.

ఆ నవాబు ఉన్న పైగా ప్యాలెస్ కూడా బేగంపేటలోనే. 1884లో ఫలక్‌నుమా కట్టడం మొదలుపెట్టిందీ ఆయనే; అది చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వెళ్లింది. 2008 నుంచి 2023 దాకా పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ నడిచింది. వీసా కోసం గుండెలు అరచేతిలో పెట్టుకుని ఇక్కడ నిలబడ్డ మన పిల్లల్లో ఎందరికి ఈ నవాబు పేరు తెలుసో!

పాత విమానాశ్రయం దగ్గర, రొనాల్డ్ రాస్ పనిచేసిన భవనం ముందుకొచ్చేసరికి చిన్నాయన గొంతు మారింది.

"రక్తంలో మలేరియా పురుగును 1880లోనే లావెరాన్ అనే ఫ్రాన్స్ డాక్టర్ చూసిండురా. అది మనిషిలకు ఎట్లొస్తదో మాత్రం ఎవ్వరికీ తెల్వదు. ఆ దారి దొరికింది ఈడనే."

రాస్ అప్పుడు సైనిక వైద్యుడు. ఆ దారి దోమేనన్న అనుమానంతో దోమలను కోసి చూసేవాడు. కోసిపెట్టిన దోమలు గాలికి ఎగిరిపోతాయని అంత ఉక్కలోనూ పంకా వద్దన్నాడు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి, దానికి కన్ను ఆనించి చూసే అద్దాల్లో మిగిలిన ఒక్కటీ బీటవారింది. ఆ అద్దంతోనే 1897 ఆగస్టు 20న దోమ పొట్ట గోడలో మలేరియా పురుగును పట్టుకున్నాడు. 1902లో నోబెల్ వచ్చింది.

ఆ దోమ తాగింది హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం. ఒక్కో దోమకాటుకు ఒక అణా చొప్పున తీసుకుని, జ్వరంతో ఉన్న ఒంటిని దోమలకు అప్పగించిన మనిషి. నవాబుల పేర్లు మేడలకు నిలిచాయి, రాస్ పేరు ఈ భవనానికి నిలిచింది. ఈయన పేరు కూడా ఇక్కడ, రాస్ పక్కనే, అందరికీ కనబడేలా చెక్కాలని నా గట్టి కోరిక.

ఆగస్టు 20 ఇప్పుడు ప్రపంచ దోమల దినం. ఆ రోజు తన పాత ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలను ఇక్కడికి తీసుకొస్తానన్నాడు చిన్నాయన. హుసేన్ ఖాన్ సంగతి వాళ్లకు నన్ను చెప్పమన్నాడు. సరేనన్నాను.