ఆర్క్ కొట్టక ముందే తేలిపోయే క్వాలిటీ

ఉద్దానం కుర్రాళ్ళకు గల్ఫ్ షట్‌డౌన్ పనులు, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతులు, కొత్త కాదు. సోంపేట, కంచిలి, కవిటి వైపు నుంచి వెళ్ళే వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు చేతిపనిలో ఎవరికీ తీసిపోరు. పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి చుట్టూ వెల్డు చేయించే 6జీ టెస్టును మొదటిసారే పాసైనవాళ్ళు కూడా సైటుకెళ్ళిన నెలలోపే రిపేర్ల లిస్టులోకి ఎక్కుతుంటారు. చెయ్యి అదే కదా, మరి ఏటైంది? టెస్టు బూత్‌లో బెవెల్ (పైపు అంచుకు తీసే వాలు) తనే గ్రైండ్ చేసుకున్నాడు, రెండు పైపుల మధ్య గ్యాప్ తనే పెట్టుకున్నాడు. గాలి లేదు, తరిమే ఫోర్‌మన్ లేడు. సైటులో ఇవన్నీ వేరేవాళ్ళ చేతుల్లో ఉంటాయి. జాయింటు పక్కన రాసే నంబరు మాత్రం వెల్డరుదే.

క్వాలిటీ అంటే ఖరీదైనది, నున్నగా మెరిసేది అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. పలాస జీడిపప్పు బజారు ఎరిగినవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. డబ్ల్యూ 320 అంటే పౌనుకు 300 నుంచి 320 పలుకులు తూగే రకం, డబ్ల్యూ 180 అంతకంటే పెద్ద పలుకు. ఇది గ్రేడు. 320 రకం అడిగి ఆ ధర కట్టినవాడికి చెమ్మ 5 శాతం దాటకుండా, పురుగు లేకుండా 320 రకమే అందిస్తే అది క్వాలిటీ సరుకు. 180 రకమే అయినా ముక్కవాసన కొడితే దానికి గ్రేడు ఉంది, క్వాలిటీ లేదు. ప్రాజెక్టు పనిలోనూ ఇంతే. కార్బన్ స్టీలు అడిగిన లైనుకు స్టెయిన్‌లెస్ పెట్టడం గొప్ప కాదు. అడిగింది కాగితంలో ఉన్నట్టు ఇవ్వాలి.

వెల్డరుకు ఆ కాగితం డబ్ల్యూపీఎస్, అంటే వెల్డింగ్ ప్రొసీజర్ స్పెసిఫికేషన్. ఏ మెటల్, ఏ ప్రాసెస్, ఏ రాడ్డు, ఎంత సైజు, ఎన్ని ఆంప్స్, ఏ పోలారిటీ, ఎంత ప్రీహీట్, పాసుకూ పాసుకూ (ఒక వెల్డు వరసకూ తర్వాతి వరసకూ) మధ్య వేడి ఎంత దాటకూడదు, ఇవన్నీ అందులో ఉంటాయి. ఇంగ్లీషు రాదని దాన్ని చూడకుండా వదిలేయకండి. చదవాల్సినవి ఎక్కువగా అంకెలే.

అన్నిటికంటే ఎక్కువ రిపేర్లు పుట్టేది ఫిట్‌అప్ దగ్గర, అంటే వెల్డుకు ముందు ఫిట్టరు రెండు పైపులనూ జోడించి నిలబెట్టే దగ్గర. మామూలు కార్బన్ స్టీలు పైపుకు ఒక్కోవైపు 37.5 డిగ్రీల బెవెల్, 1 నుంచి 2 మిల్లీమీటర్ల రూట్ ఫేస్ (బెవెల్ అడుగున వాలు తీయకుండా వదిలే అంచు), 2.4 మిల్లీమీటర్ల టిగ్ ఫిల్లర్ (ఆర్గాన్ వెల్డింగులో కరిగించే తీగ) ఆడేంత గ్యాప్, 1.6 మిల్లీమీటర్లు దాటని హైలో (రెండు పైపుల అంచుల మధ్య ఎగుడుదిగుడు). చాలా సైట్లలో లెక్కలు వీటికి దగ్గరగానే ఉంటాయి, కచ్చితమైనది మీ డబ్ల్యూపీఎస్‌లో చూసుకోండి. గ్యాప్‌ను పైన ఒక్కచోటే కొలిచి సరే అనేయడం అలవాటైపోయింది. గడియారంలో 12, 3, 6, 9 ఉన్నట్టుగా నాలుగు చోట్లా కొలవాలి. ఒకపక్క వెల్డు చల్లారుతూ ముడుచుకుంటే ఎదురుపక్క గ్యాప్ మూసుకుపోతుంది. పొద్దున 3 మిల్లీమీటర్లున్న 6 గంటల చోటు, పైసగం అయ్యేసరికి ఫిల్లర్ కూడా దూరనంత ఇరుకవుతుంది. అక్కడ రూట్, అంటే అడుగున వేసే మొదటి పాసు, లోపలికి దిగదు. ఎక్స్‌రే లాంటి ఫిల్ములో వెల్డు నడిమధ్య గీటు గీసినట్టు నల్లని గీత కనిపిస్తుంది. అదే హైలో వల్ల వచ్చిన తప్పైతే గీత మధ్యలో కాక ఒక అంచుకు ఆనుకుని పడుతుంది. ఫిల్ము చూడటం నేర్చుకున్న వెల్డరుకు తప్పు తనదో ఫిట్టరుదో ఆ గీతే చెప్పేస్తుంది. ట్యాకుల (పైపులు కదలకుండా ముందు అక్కడక్కడ వేసే చిన్న వెల్డుల) కొనలను గ్రైండర్‌తో పలచగా దించకుండా రూట్ మొదలుపెట్టినా ఆ కొన దగ్గరే కలవకుండా ఉండిపోతుంది.

రాడ్డు సంగతి. 7018 అనే రాడ్డు పేరులో 70 అంటే చదరపు అంగుళానికి 70,000 పౌన్ల బలం, 1 అంటే అన్ని పొజిషన్లలో పనికొస్తుందని, 8 అంటే పూత తక్కువ హైడ్రోజన్ రకమని. ఆ పూత చెమ్మ పీల్చిందంటే 8కి అర్థమే పోయింది. డబ్బా తెరవగానే కనీసం 120 డిగ్రీల ఓవెన్లోకి, అక్కడి నుంచి సైటుకు క్వీవర్లో, అంటే రాడ్లను వేడిగా ఉంచే చిన్న కరెంటు డబ్బాలో. అమెరికన్ స్ట్రక్చరల్ కోడ్ ప్రకారం మామూలు 7018 బయట ఉండాల్సింది 4 గంటలే. తడిసిన రాడ్డును ఎండలో పెట్టి వాడటం కాదు, పారేయాలి. సైట్లలో జరిగేదేమిటంటే, గ్రైండర్‌కు ప్లగ్ చాలదని క్వీవర్ ప్లగ్ పీకేస్తారు, మధ్యాహ్నానికి అది చల్లటి డబ్బా. సముద్రం పక్క ప్లాంటుల్లో తెల్లవారుజామున పైపు మీద మంచు నీళ్ళు కారుతుంటాయి, టార్చితో ఆరబెట్టకుండా కొడితే ఆ చెమ్మా వెల్డులోకే పోతుంది. దళసరి, గట్టి స్టీల్లో ఆ చెమ్మలోంచి వచ్చే హైడ్రోజన్ వల్ల పడే పగులు వెంటనే కనపడదు, ఒకటి రెండు రోజులకు బయటపడొచ్చు. అందుకే అలాంటి జాయింట్లను కొన్నిచోట్ల 48 గంటలు ఆగి చూస్తారు.

గాలి గురించి ఒక్కమాట. గంటకు 8 కిలోమీటర్ల గాలి చాలు, వెల్డును కాపాడే ఆర్గాన్ వాయువు చెదిరి వెల్డులో బెజ్జాలు పడటానికి. ఎడారి గాలికి అందరూ టార్పాలిన్ కడతారు. ఉక్క పోస్తోందని వెనక పెట్టుకున్న ఫ్యాన్‌ను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు!

ఇంత జాగ్రత్త ఎందుకో రిపేరు అయ్యే తీరు చూస్తే తెలుస్తుంది. తప్పున్న చోటు పైపు మీద గుర్తు పెట్టాలి. గ్రైండ్ చేసి తీయాలి. పూర్తిగా పోయిందో లేదో పగుళ్ళలోకి దిగే ఎర్ర డై కొట్టి చూడాలి. రిపేరు కాగితం ప్రకారం మళ్ళీ కొట్టాలి. రాత్రి మనుషుల్ని ఖాళీ చేయించి, తాడు కట్టి, రేడియేషన్ వచ్చే ఇరిడియం సోర్సుతో మళ్ళీ ఫిల్ము తీయాలి. అందాకా ఆ స్కాఫోల్డు విప్పకూడదు, ఆ లైను హైడ్రోటెస్టుకు (నీళ్ళు నింపి ఒత్తిడి పెట్టి చూసే టెస్టుకు) పోదు. అక్కడితో అయిపోదు. ప్రాసెస్ పైపింగ్ కోడ్ బీ 31.3లో మామూలు లైన్లకు 100కు 5 జాయింట్లకే ఫిల్ము తీస్తారు. ఆ ఐదింటిలో ఒకటి పోయిందంటే అదే వెల్డరు చేసినవి ఇంకో రెండు తీయాలి. అందులోనూ పోతే, పోయిన ఒక్కోదానికి మరో రెండు. వాటిలోనూ పోతే ఆ లాటు మొత్తం. ఫిట్‌అప్ సరిచేసుకోవడానికి పట్టే అరగంటను మిగిలించబోయి షట్‌డౌన్లో రెండు మూడు రోజులు పోగొట్టుకునేది ఇలాగే.

గ్యాప్ లేని జాయింటును 'కొట్టేయ్, చూసుకుందాం' అంటే కొట్టకండి. చాలా ప్రాజెక్టుల్లో ఫిట్‌అప్ అనేది హోల్డ్ పాయింటు, క్యూసీ (క్వాలిటీ ఇన్‌స్పెక్టరు) సంతకం లేకుండా రూట్ వేయకూడదు. 'క్యూసీ చూశాక కొడతాను సార్' అనండి. గొడవ పెట్టుకోనక్కర్లేదు, ఆ ఒక్క మాటతో బరువు ఎక్కడ ఉండాలో అక్కడికి చేరుతుంది.

వెల్డు నిక్షేపంగా ఉన్నా కాగితం వల్ల తిరస్కరించే జాయింట్లూ ఉంటాయి. వెల్డర్ల అర్హత చెప్పే అమెరికన్ కోడ్ ఆస్మీ సెక్షన్ 9 లెక్కన 73 మిల్లీమీటర్లు, అంతకు మించిన వ్యాసం పైపు మీద టెస్టు ఇస్తే ఆ అర్హత 73 నుంచి పైకే. 6 అంగుళాల టెస్టు కార్డుతో 2 అంగుళాల లైను మీద కూర్చోబెడితే ఆ జాయింటు చెల్లదు, ఎందుకంటే 2 అంగుళాల పైపు బయటి వ్యాసం 60.3 మిల్లీమీటర్లే. ఇంకోటి, ఆ ప్రాసెస్‌లో వరసగా 6 నెలలపాటు ఒక్కసారి కూడా పని చేసినట్టు రికార్డు లేకపోతే అర్హత పోతుంది. జీడితోట పనులకో, ఇంట్లో పెళ్ళికో వచ్చి ఎక్కువ కాలం ఉండిపోయేవాళ్ళు ఇది చూసుకోవాలి.

వేసవిలో మధ్యాహ్నం బ్రేకు కూడా లెక్కలో పెట్టుకోండి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని నిషేధం. పలచని రూట్ ఒక్కటే వేసి వదిలి వెళ్ళొద్దు, దాని మీద వేసే రెండో పాసు, హాట్ పాస్ కూడా అయ్యేటట్టు పొద్దున్నే మొదలుపెట్టండి. అది కాదనుకుంటే 3 తర్వాతే మొదలుపెట్టండి.

జేబులో హైలో గేజీ, చిన్న నోటుబుక్కు ఉంచుకోండి. తేదీ, లైను నంబరు, జాయింటు నంబరు, నాలుగు చోట్ల గ్యాప్, రాడ్డు బ్యాచి, ఫిట్‌అప్ చూసిన క్యూసీ పేరు తెలుగులోనే రాసుకున్నా సరే. మూడు వారాల తర్వాత ఫిల్ము రిజల్టు పట్టుకుని ఎవరైనా వచ్చి అడిగితే, 6 గంటల చోట గ్యాప్ ఎంత ఉందో ఆ పేజీ తిప్పి చూపించొచ్చు.