రేపు బాప్తిస్మాలు

శనివారం, రాత్రి తొమ్మిదిన్నర.

గుడి వేదిక కింద ఉన్న బాప్తిస్మపు తొట్టి నిండింది. మధ్యాహ్నం దాకా నిండుతుందన్న నమ్మకం ఎవరికీ లేదు. ఎండాకాలంలో మా గుడి బోరు నాలుగు బిందెలు పోసి ఆగిపోతుంది, అందుకని ట్యాంకరు చెప్పాం. వేదిక మీది చెక్కలు లేపి, తొట్టి గోడల పాకుడు చీపుళ్లతో రుద్ది, బ్లీచింగ్ పొడి చల్లి కడిగేసరికి కుర్రవాళ్ల చేతులు పడిపోయాయి. మా బాప్టిస్టు సంఘాల్లో చిలకరించడం లేదు, పసిపిల్లలకు ఇవ్వడమూ లేదు. ఊహ తెలిసి, నోటితో ఒప్పుకుని, నీళ్లలో దిగాలి. నీళ్లు నడుము దాటి ఉంటేనే పాస్టరుగారు మనిషిని వెనక్కి వాల్చి పూర్తిగా ముంచగలరు.

స్త్రీల ఏర్పాట్లు నావి. తెల్లచీర తడిస్తే ఒంటికి అంటుకుంటుంది. అందుకని మందపాటి నూలు చీరలు, పొడుగు చేతుల జాకెట్లు, కావలసినన్ని పిన్నీసులు చూసి పెట్టాను. సండే స్కూలు గది కిటికీలకు దుప్పట్లు కట్టించాను. మెట్లు ఎక్కి రాగానే తువ్వాలు కప్పడానికి ఇద్దరిని నియమించాను. ఆ క్షణంలో ఏ ఆడమనిషీ తన బట్టల గురించి ఆలోచించవలసిన అవసరం రాకూడదు.

రేపు బాప్తిస్మం తీసుకునేవాళ్లలో మా పెద్దమ్మ కూడా ఉంది. ఆమె మోకాళ్ల సంగతి వేరుగా చూడవలసి వచ్చింది. తొట్టి మెట్లు దిగగలదు గాని, వెనక్కి వాలి మళ్లీ లేచి నిలబడలేదు. ప్లాస్టిక్ కుర్చీ వేస్తే నీళ్లలో తేలిపోతుంది. సాయంత్రం పెదనాన్న ఇంట్లోని ఇనప కుర్చీ సైకిలు మీద కట్టుకుని వచ్చాడు. ఆయన ఇన్నేళ్లుగా ప్రతి ఆదివారం ఆమెను గేటు దాకా దింపి, ఆరాధన అయ్యేదాకా వేపచెట్టు కింద కూర్చునే మనిషి. లోపలికి ఎప్పుడూ రాలేదు. గుడికి వద్దని ఎప్పుడూ అనలేదు. బాప్తిస్మం మాట ఎత్తితే మాత్రం, "నేను పోయాక చూసుకో" అనేవాడు. ఈ ఏడాది తనే పాస్టరుగారి దగ్గరకు వెళ్లి, "ఆమె ఇష్టం అయ్యగారూ" అన్నాడు. ఏమి మారిందో పెద్దమ్మా అడగలేదు, మేమూ అడగలేదు.

పోయిన వారం డీకన్ల, అంటే సంఘ పెద్దల ముందు సాక్ష్యం చెప్పే రోజున ఆమె వాక్యాలేవీ వల్లించలేదు. "బల్ల ఇచ్చినప్పుడల్లా రొట్టె పళ్లెం నా ముందుకొచ్చి పక్కవాళ్లకు వెళ్లిపోతుంది. ఆ రొట్టె నేను తినాలి. అంతకన్నా చెప్పడం నాకు రాదయ్యా" అంది. బల్ల అంటే ప్రభువు జ్ఞాపకార్థం పంచుకునే రొట్టె, ద్రాక్షరసం. బాప్తిస్మం లేనివాళ్లు అది తీసుకోరు. మరో ప్రశ్న వేయడానికి ఎవరికీ మనసు రాలేదు. సంఘమంతా చేతులెత్తి ఒప్పుకుంది.

ఈ రోజంతా నన్ను పట్టుకున్నది మాత్రం డిగ్రీ చదువుతున్న అబ్బాయి విషయం. బాప్తిస్మానికి ముందు చెప్పే తరగతులన్నీ శ్రద్ధగా విన్నాడు. ప్రశ్నలు అడిగే పిల్లవాడు, నాకు ఇష్టమైన పిల్లవాడు. ఉదయం వాళ్ల నాన్న వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, "టీచరమ్మా, రిజిస్టరులో పేరు రాయకుండా కానివ్వలేరా?" అన్నాడు. కొడుకు పోలీసు ఉద్యోగానికి చదువుకుంటున్నాడు. ఎస్సీ సర్టిఫికెట్టు పోతే ఏమిటి గతి అని ఆయన భయం.

ఆ భయానికి ఆధారం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ నుంచి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతుల్లో బీసీ-సి అనే విభాగం కిందికి వస్తారు, దానికి ఉన్న రిజర్వేషన్ 1 శాతం. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా, క్రైస్తవ విశ్వాసంలో ఉంటూ రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం కుదరదని తీర్పిచ్చింది. ఆ కేసులో బాప్తిస్మపు రికార్డు కూడా సాక్ష్యంగా నిలిచింది. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. బాప్తిస్మం తీసుకున్నవాణ్ణి ఊరు చూసే చూపు మారలేదు, వాడు ఉండే వాడ మారలేదు, మారేది కాగితం ఒక్కటే. అయినా ఆ తండ్రితో పేరు దాచి కానిద్దామని అనలేకపోయాను. పాస్టరుగారూ అదే అన్నారు: "దొంగచాటుగా ముంచితే రేపు ఆ పిల్లవాడు అడిగిన ప్రతిచోటా అబద్ధమాడాలి. అలాంటి బాప్తిస్మం నేను ఇవ్వను. తొందర లేదు, ఆగమనండి."

మా ఒంగోలు ప్రాంతంలో ఆగమనడం కొత్త కాదు. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించారు. ఆ కాలంలో ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఇవ్వలేదు, జనం కూలి కోసం, గింజల కోసం వస్తున్నారేమోనని. కరువు తగ్గాక కూడా వాళ్లు వదలలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మంది నీళ్లలో దిగారు. బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ఇచ్చారట. చిన్నప్పటి నుంచి ఆ సంఖ్యే విన్నాను. దానికి ముందున్న ఆ ఆగడం గురించి ఎవరూ అంత గొప్పగా చెప్పరు. నాకు ఇప్పుడు అదే పెద్దదిగా తోస్తోంది. అప్పుడు అన్నం దొరుకుతుందని వస్తున్నారేమోనని ఆపారు, ఇప్పుడు అన్నం పోతుందని మా పిల్లలు ఆగుతున్నారు. రెండు చోట్లా మనిషిని తొందరపెట్టకుండా, అబద్ధం ఆడించకుండా ఉండడమే సంఘం చేయగలిగింది.

దీపాలు పెట్టే వేళకు అబ్బాయి ఒక్కడే వచ్చాడు. "రేపు వద్దు టీచరమ్మా. నాన్నతో ఇంకా మాట్లాడాలి. మానేశానని మాత్రం అనుకోకండి" అన్నాడు. అనుకోనని చెప్పాను. పాస్టరుగారు తరగతి జాబితాలో అతడి పేరు అలాగే ఉంచారు.

రేపు ఆరుగురు. ఇనప కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు లేవు, తొట్టి అడుగున జారుతుందేమోనని అనుమానం. దిగి పట్టుకోవడానికి ఒకరు కావాలంటే ఆ అబ్బాయే వస్తానన్నాడు. ఆరున్నరకల్లా రమ్మన్నాను, వేరే చొక్కా ఒకటి తెచ్చుకోమన్నాను.